మూరెడు పైపు

వేణ్ణీళ్లు త్వరగా రావాలంటే పెద్ద మోటారు పెట్టాలన్న నమ్మకం మనవాళ్లలో బాగా నాటుకుపోయింది. పంపుల పనిలో ఉన్నాను కనుక ఆ మాట తరచూ వింటూనే ఉంటాను. సైనిక్‌పురిలో ఆ ఇంటాయన కూడా దాంతోనే మొదలుపెట్టారు.

"అర హార్స్‌పవర్ ప్రెషర్ పంపు వేయించుకోమన్నారండీ కొట్లో. ఎక్కడ పెట్టిస్తే బాగుంటుంది?"

రెండంతస్తుల సొంతిల్లు. డాబా మీద 300 లీటర్ల సోలార్ హీటరు. కింద, ఇంటి వెనకవైపున, వాళ్లమ్మగారి బాత్‌రూము. ఆవిడకి ఎనభై దాటాయి. చలికాలంలో హైదరాబాదు తెల్లవారుజామున 12 డిగ్రీలకు దిగిందంటే ఆ వయసు వాళ్లకి ప్రాణం మీదికొస్తుంది. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని, కుళాయి కింద చూపుడువేలు పెట్టి నిలబడేవారట. బకెట్ నిండేదాకా వేడి జాడే ఉండేది కాదు. ఆ చన్నీళ్ల బకెట్‌ని పనిమనిషి వచ్చి పెరట్లో గిన్నెలు తోమే గట్టు దగ్గరికి మోసుకెళ్లేది. ఒక్క చుక్క పారబోయనివ్వరు పెద్దావిడ. ఆ పట్టుదల నాకు నచ్చింది. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటే ఈ ఊరికి చేరుతున్న కృష్ణా నీళ్లాయె.

"మోటారు పెడితే ఆ బకెట్ మూడు నిమిషాలకు బదులు ఒక్క నిమిషంలో నిండుతుందండీ. అయినా నిండేది చన్నీళ్లే" అన్నాను.

ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. వెంటనే నోటుబుక్కు తీశారు. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. డాబా నుంచి ఆ బాత్‌రూము దాకా పైపు 25 మీటర్లు. అంగుళం సీపీవీసీ పైపులో మీటరుకు సుమారు 0.4 లీటరు నీళ్లు పడతాయి. అంటే రాత్రంతా పైపులో నిలిచి చల్లారిన నీళ్లే పది లీటర్లు. వాటి వెనకే వచ్చే వేణ్ణీళ్లలోంచి ముందు పైపు తన వంతు వేడి లాక్కుంటుంది. ఆ తర్వాతే మనకి. వెరసి బకెట్ నిండా చన్నీళ్లు. ఎంత జోరుగా తోసినా ఆ నీళ్లు మురిక్కాలవలోకో బకెట్లోకో పోవాల్సిందే.

దానికి తోడు వాళ్లది ప్రెషర్ తట్టుకోలేని మామూలు ట్యాంకు, గాలిగొట్టం ఉన్న రకం. అలాంటి ట్యాంకుకి చన్నీళ్లు వచ్చే వైపున ప్రెషర్ పంపు పెడితే ట్యాంకు ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. ఈ సంగతి చెప్పకుండా పంపు అమ్మేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఆ ఇంటికి కావాల్సింది సర్క్యులేషన్ పంపు. చల్లారిన నీళ్లను కుళాయిలోంచి బయటికి రానివ్వకుండా, రెండో పైపు ద్వారా మళ్లీ డాబా మీది ట్యాంకులోకే పంపేది. 30 వాట్లు చాలు.

"రెండంతస్తులు పైకెక్కించాలి, 30 వాట్లు ఏ మూలకండీ?" అన్నారాయన. న్యాయమైన ప్రశ్న. కానీ ఇందులో నీళ్లు చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తాయి. ఒక పైపులో దిగే నీటి బరువే రెండో పైపులో నీటిని పైకి ఎత్తుతుంది. పంపు మోయాల్సింది పైపు లోపలి రాపిడిని మాత్రమే. నోటుబుక్కులో రెండు బాణం గుర్తులు వేసి చూపిస్తే ఆయన మొహం విప్పారింది.

మిగతావి వరసగా చెప్పాను. పంపు ఒళ్లు కంచుదో స్టీలుదో అయి ఉండాలి. ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు తగిలే చోట పోత ఇనుము తుప్పు పడుతుంది. తిరుగు పైపుకి నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే కుళాయి తిప్పినప్పుడు ఆ పైపులోంచి చన్నీళ్లు దొంగదారిన వచ్చి కలుస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, పంపు ఎప్పుడు తిరగాలన్నది. కరెంటు గీజరైతే పోయిన వేడిని మళ్లీ పుట్టిస్తుంది. సోలార్‌కి రాత్రి సూర్యుడు లేడు. పంపు తెల్లవార్లూ తిరిగితే తెల్లారేసరికి 300 లీటర్లూ గోరువెచ్చన. అందుకని బాత్‌రూములో ఒకటి, వంటింట్లో ఒకటి బటన్ పెట్టాం. నొక్కితే పంపు తిరుగుతుంది. చివరి కుళాయి దగ్గర నీళ్లు 40 డిగ్రీలకు రాగానే సెన్సరు దాన్ని ఆపేస్తుంది.

పైపులకి నల్ల ఫోమ్ తొడుగు కూడా వేయించాను. రెండేసి మీటర్ల ముక్కలుగా వస్తుందది. వేణ్ణీళ్ల పైపు వెనక గోడ మీదుగా దిగి, గిన్నెలు తోమే గట్టు పక్కన వంపు తిరిగే చోట మూరెడు మేర చాల్లేదు. 25 మీటర్లలో మూరెడంటే పోయే వేడి లెక్కలోకి రాదు. ఆ మాటే ఆయనకీ చెప్పాను.

మొదటి రోజు నేనక్కడే ఉన్నాను. పెద్దావిడ బటన్ నొక్కి, మంచం మీద కూర్చుని, పిలిచాక లేచి వెళ్లారు. కుళాయి తిప్పగానే ఆవిర్లు. అలవాటుగా కింద పెట్టిన బకెట్‌లో ఆవిడ చెయ్యి ముంచి చూసి, "నూరేళ్లు బతుకు నాయనా" అన్నారు. కొడుకు కళ్లు చెమర్చాయి. తల్లి ఒంటికి చలి తగలకూడదని అంతగా తాపత్రయపడే మనిషి, లెక్క తెలిసిన మనిషి, నీళ్ల విలువ ఎరిగిన మనిషి. ఇలాంటి ఇళ్లలో పని చేయడం నాకిష్టం.

సంక్రాంతి వెళ్లాక ఆయన ఫోన్ చేశారు. గొంతులో హుషారు.

"అంతా బ్రహ్మాండంగా ఉందండీ. అమ్మ రోజూ మిమ్మల్ని తలుచుకుంటోంది. రోజుకో బకెట్ నీళ్లు మిగులుతున్నాయి, రాసిపెడుతున్నాను కూడా. ఒక్క చిన్న లోపం మాత్రం ఉంది. అది కూడా అనుకోకుండా బయటపడింది."

"ఏమైందండీ?"

"మా పనిమనిషి పొద్దున్నే గిన్నెలు తోముతూ తోముతూ మధ్యలో లేచి వెళ్లి గోడ దగ్గర నిలబడుతోంది. ఒకరోజు కాదు, రోజూ అదే వరస. పని ఎగ్గొడుతోందేమోనని అడిగాను. 'పని ఆపుతలేను సారూ. చన్నీళ్లకు ఏళ్లు కొంకర్లు పోతున్నయి. గీడ పైపు జరంత ఎచ్చగుంటది. చేతులానిస్తే పానం తేరుకుంటది' అంది."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"చూశారా మరి! మీరు లెక్కలోకి రాదన్న మూరెడు అదే. మా వేడంతా అక్కడ పోతోందన్నమాట. ఆ తొడుగు ముక్క కాస్త ఇవాళే పంపించండి, దగ్గరుండి చుట్టించేస్తాను."