చంటివాడి పేరు మీద యూరప్

తెలుగు రాష్ట్రాల్లో బడులు ఏప్రిల్ నాలుగో వారంలో మూతపడతాయి, జూన్ 12కి అటూ ఇటూగా తెరుచుకుంటాయి. ఈ ఏడు వారాల్లో ఓ పది రోజులు విదేశంలో గడపాలని తీర్మానించుకున్న కుటుంబం సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ కాకముందే పనిలోకి దిగుతుంది. ఎవరు అడిగినా జవాబు ఒక్కటే: “మాకేముందండీ, పిల్లల కోసం.” ఆ పిల్లల్లో పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నవాడికి ఏడాదిన్నర. పెద్దవాడికి జీవితాశయం ఎస్కలేటర్ ఎక్కడం. చిన్నవాడికి దాని రెయిలింగు నాకడం. వీళ్లిద్దరి ముచ్చట తీర్చడానికి అమ్మానాన్నలు ఆల్ప్స్ పర్వతాల దాకా వెళ్తున్నారు. ఈ “పిల్లల కోసం” అన్నది అబద్ధమని నా వాదన. ఎవరికీ హాని చేయని అబద్ధమే, కానీ ప్రయాణం ఖర్చూ, పెట్టెల బరువూ, ఇంట్లో వాళ్ల బీపీ పెరిగేది మాత్రం దానివల్లే.

ముందు జ్ఞాపకం సంగతి చూద్దాం. మూడేళ్లు, మూడున్నరేళ్ల వయసుకు ముందు జరిగినవేవీ పెద్దయ్యాక మనలో దాదాపు ఎవరికీ గుర్తుండవు. ఫ్రాయిడ్ కాలం నుంచీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు తల బద్దలు కొట్టుకుంటున్న విషయమిది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడేళ్ల పిల్లలు తల్లులతో చెప్పుకున్న సంగతులు రికార్డు చేసి, కొన్నేళ్ల తర్వాత అవే సంగతులు మళ్లీ అడిగారు. అయిదు నుంచి ఏడేళ్ల వయసు పిల్లలకు మూడింట రెండు వంతుల దాకా గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి మూడింట ఒక వంతుకు కాస్త అటూ ఇటూ. అంటే మన పెద్దవాడు ఒకటో తరగతి దాకా ఈఫిల్ టవర్ గురించి కథలు చెబుతాడు, నాలుగో తరగతికల్లా చాలామటుకు మరిచిపోతాడు. చిన్నవాడికైతే ఆ మరిచిపోయే యోగం కూడా లేదు. లక్షలు పోసి ఒక మనిషికి ఒక జ్ఞాపకం కొనిపెడుతూ, ఆ జ్ఞాపకం నిలవని వయసును వెతికి మరీ ఎంచుకోవడం ఏ లెక్కలో లాభమో చార్టర్డ్ అకౌంటెంట్లే చెప్పాలి.

శాస్త్రం మీద నమ్మకం లేనివాళ్లు బజారును నమ్మవచ్చు. మంచినీళ్ల సీసాకీ, కిటికీ పక్క సీటుకీ డబ్బులు పిండే వ్యాపారం ఎవరినైనా ఉత్తినే వదిలిపెట్టిందంటే, ఆ మనిషికి అక్కడ దక్కేదేమీ లేదని దానికి రూఢిగా తెలుసన్నమాట. యూరప్‌కి ఇచ్చే షెంజెన్ వీసాకు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు 45, ఆరేళ్ల లోపు పిల్లలకు సున్నా. స్విట్జర్లాండు రైళ్లలో ఆరేళ్ల లోపు వాళ్లకు టికెట్టే లేదు. పారిస్ డిస్నీల్యాండులో మూడేళ్ల లోపు వాళ్లకు ప్రవేశం ఉచితం. అంతర్జాతీయ విమానాల్లో రెండేళ్ల లోపు బిడ్డ ఒళ్లో కూర్చుంటే చాలా సంస్థలు పెద్దల ఛార్జీలో పదో వంతుతో సరిపెట్టుకుంటాయి. ఇదంతా పసివాళ్ల మీద జాలి అంటారా? అయితే రెండో పుట్టినరోజు నాడు ఆ జాలి ఎటు పోతుంది? తిరుగు ప్రయాణానికి ఒక్క రోజు ముందు బిడ్డకు రెండేళ్లు నిండితే, వెళ్లేటప్పుడు ఒళ్లో వెళ్లినవాడు వచ్చేటప్పుడు సీటు కొనుక్కుని రావాలి. అందుకే మనవాళ్లు ముహూర్తాలకు పంచాంగం చూసినంత శ్రద్ధగా ఎయిర్‌లైన్ నిబంధనలు చూసి, బిడ్డకు రెండేళ్లు నిండకముందే తిరుగు టికెట్టు తీస్తారు. సరదా ఎవరిదో, ఆదా ఎవరిదో ఇక్కడే తెలిసిపోతుంది.

పోనీ డిస్నీల్యాండు పిల్లలదే కదా అంటే, అక్కడా ఓ కొలబద్ద కాచుకుని ఉంటుంది. బిగ్ థండర్ మౌంటెన్ అనే రైడ్ ఎక్కాలంటే 102 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 120. నాలుగేళ్లవాడు మొదటి గీత దగ్గర మడమలెత్తి నిలబడతాడు, రెండో గీత దగ్గర ఏడుస్తాడు. అప్పుడు అమ్మ బయట ప్రామ్ పట్టుకుని నిలబడుతుంది, నాన్న లోపలికి వెళ్లి “పిల్లల కోసం” రోలర్ కోస్టర్ ఎక్కి వస్తాడు.

కాగితాల దగ్గర ఈ అబద్ధం తారస్థాయికి చేరుతుంది. ఏడాదిన్నర మనిషి నోరు మూసుకుని, కళ్లు తెరుచుకుని, తెల్లటి గోడ ముందు తల నిటారుగా పెట్టి, కెమెరా కేసి సూటిగా చూడాలట. ఈ నాలుగు పనుల్లో ఏ రెండూ వాడు ఒకేసారి చేసిన దాఖలా లేదు. వీధి చివరి ఫొటో స్టూడియోలో తండ్రి తెల్ల దుప్పటి పట్టుకుంటాడు, తల్లి గిలక్కాయ ఊపుతుంది, తాతగారు కెమెరా వెనక నుంచి కోడిలా కూస్తారు, ఫొటోలో మాత్రం దుప్పటి చివర తండ్రి వేలు పడుతుంది. ఇక వీసా ఫారంలో “ప్రస్తుత వృత్తి” అని ఒక గడి. దరఖాస్తుదారుడు తిరిగి స్వదేశానికి వస్తాడని అధికారికి నమ్మకం కలిగించాలి గదా, ఉద్యోగం, ఆస్తి, ఆదాయపు పన్ను రిటర్నులు వంటి ఆధారాలేవీ వాడి దగ్గర లేవు. పైగా అన్నం పెట్టేవాళ్లు ఎక్కడుంటే అక్కడ ఉండిపోయే రకం. కాబట్టి పుట్టిన సర్టిఫికెట్టు, తల్లిదండ్రుల అంగీకార పత్రం, నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు సెలవు ఉత్తరం జతచేసి, ఫలానా చిరంజీవి పర్యటన ఖర్చులన్నీ మేమే భరిస్తామని రాసిస్తారు. ఒక్క వేలిముద్రలు మాత్రం పన్నెండేళ్ల లోపు వాళ్లకు అక్కర్లేదు. యూరప్ వాళ్లకు పప్పన్నం వేళ్ల గురించి ఎవరో ముందే చెప్పినట్టున్నారు. మధ్యలో మన ప్రభుత్వం కూడా ఓ చెయ్యి వేసింది. 2023 అక్టోబరులో విదేశీ టూర్ ప్యాకేజీ ఏడు లక్షలు దాటితే పైమొత్తం మీద 20 శాతం పన్ను ముందే వసూలు చేయాలంది. 2025లో ఆ హద్దును పది లక్షలకు జరిపింది. అది రిటర్నుల్లో సర్దుబాటు అవుతుందనుకోండి. కానీ ఆ సర్దుబాటు కోసం ఎదురుచూసేది ఎవరు? పాలసీసా పట్టుకున్నవాడైతే కాదు.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. పిల్లల్ని అడిగితే ఇసుక, నీళ్లు, లిఫ్టు, కుక్కపిల్ల అంటారు. ఇవన్నీ విశాఖ రామకృష్ణా బీచ్ పక్కన ఏదో ఒక హోటల్లో దొరుకుతాయి, లేదంటే బాపట్ల దగ్గర సూర్యలంకలో లిఫ్టు తప్ప అన్నీ దొరుకుతాయి. కానీ టూర్ పట్టికలో పది రోజుల్లో అయిదు దేశాలు ఉంటాయి, అందులో స్విట్జర్లాండు తప్పనిసరి. ఎందుకంటే మన పెద్దలకు స్విట్జర్లాండు భూగోళం పుస్తకంలో కన్నా ముందు సినిమాలో పరిచయం. మంచు మీద హీరో స్వెట్టర్‌తో, హీరోయిన్ పల్చటి చీరతో పరిగెత్తిన డ్యూయెట్లు పాతికేళ్లుగా కంటికి కట్టి ఉన్నాయి. ఆ పాటల్లో ఎక్కడా ప్రామ్ కనపడదు, డైపర్ మార్చే బల్ల అసలే కనపడదు. ఆ ఫ్రేములోకి ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని దూరాలన్నది తపన. అందుకని యుంగ్‌ఫ్రౌయోఖ్ అనే చోటికి, 3,454 మీటర్ల ఎత్తుకు, కొండను తొలిచి 1912లో వేసిన రైల్లో వెళ్తారు. అక్కడ గాలి పల్చన, చలి గట్టిది, చూడాల్సినది తెల్లగా ఉంటుంది. దాన్ని చూసి చిన్నవాడు తన గదిలో గోడ కూడా తెల్లగానే ఉంటుంది కదా అన్నట్టు నిద్రపోతాడు. ఇంత కష్టపడి ఎక్కాక అక్కడ “బాలీవుడ్” అనే రెస్టారెంటులో పప్పు, అన్నం కొనుక్కుంటారు. ఆ ఎత్తులో కుక్కర్ లేకుండా పప్పు ఉడకడం కష్టమని తెలిసిన గృహిణి మాత్రమే ఆ వంటవాడి శ్రమను గుర్తిస్తుంది.

గడియారం సంగతి ఏ ట్రావెల్ ఏజెంటూ చెప్పడు. వేసవిలో పారిస్ మనకన్నా మూడున్నర గంటలు వెనక. హైదరాబాదులో పొద్దున ఆరింటికి లేచే పిల్లవాడు అక్కడ రాత్రి రెండున్నరకు లేచి కూర్చుని ఆడుకుందాం రమ్మంటాడు. మే నెలాఖరులో అక్కడ సూర్యుడు అస్తమించేది తొమ్మిదిన్నర దాటాక. చీకటి పడందే పడుకోనని వాడి సిద్ధాంతం. ఈ రెంటి మధ్య మిగిలిన అయిదు గంటల నిద్రతో అమ్మానాన్నలు పొద్దున్నే లూవ్ర్ మ్యూజియం క్యూలో నిలబడతారు. ఇంత యాతన పడుతుంటే వాళ్ల సరదా కోసం వెళ్లారంటావేమిటని ఎవరికైనా కోపం రావచ్చు. కానీ కష్టపడినంత మాత్రాన అది త్యాగమైపోదు. పెళ్లిలో వియ్యాలవారికి పోటీగా పన్నెండు రకాల స్వీట్లు పెట్టించినవాడూ కష్టపడతాడు. ఈ అమ్మానాన్నలు కొనుక్కున్నది అక్కడ ఉండడం కాదు, వెళ్లొచ్చామన్న మాట. అది జూన్ 12 తర్వాత బడి గేటు దగ్గరా, అపార్టుమెంటు లిఫ్టులోనూ ఖర్చు పెట్టుకోవడానికి.

దీనికి చదువుకున్నవాళ్లు చెప్పే జవాబు “ఎక్స్‌పోజర్”. గుర్తు లేకపోయినా అనుభవం మనసులో ముద్ర వేస్తుందంటారు. అందులో నిజం లేకపోలేదు. పసితనంలో విన్న మాటలు, దొరికిన ఒడి, ఆడిన ఆటలు మనిషిని మలుస్తాయి. కానీ అవి రోజూ దొరికితే మలుస్తాయి, పది రోజుల్లో అయిదు దేశాల చొప్పున కాదు. పైగా ఈ ఎక్స్‌పోజర్ కోసం మనం పెట్టెలో సర్దేది ఎలక్ట్రిక్ కుక్కర్, సోనా మసూరి బియ్యం, పులిహోర పేస్టు, కందిపొడి, రెండు వరసల ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వేసిన ఆవకాయ. ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు పేల్చాలన్న కుట్ర లండన్‌లో 2006లో బయటపడ్డాక, చేతిసంచిలో వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవం, ముద్ద ఏదీ చాలా విమానాశ్రయాల్లో రానివ్వరు. పసిపిల్లల ఆహారానికి మాత్రం మినహాయింపు. ఆవకాయను బేబీ ఫుడ్‌గా నమ్మించే సాహసం ఇంకా ఎవరూ చేసినట్టు లేరు గానీ, ఎక్స్‌పోజర్ వాదులు ఆ దారిలోనే ఉన్నారు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇంకోటుంది, దానికి తలవంచాల్సిందే. “ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడండీ? ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్, ఆపైన ఇంటర్, ఈఏపీసెట్, జేఈఈ. వేసవి సెలవుల్లో కూడా క్లాసులే.” ముమ్మాటికీ నిజం. చూసింది గుర్తుపెట్టుకుని, ప్రశ్నలు వేసి, పటంలో ఆ ఊరు వెతుక్కునే వయసు రాగానే పిల్లవాణ్ని గదిలో పెట్టి తలుపేస్తాం, కాబట్టి అంతకు ముందే లోకం చూపించేయాలి. వాదన పకడ్బందీగా ఉంది. కాకపోతే ఆ తలుపేసేది ఎవరో మూడో మనిషి కాదు. ఫౌండేషన్ ఫీజు కట్టేదీ, విమానం టికెట్టు తీసేదీ ఒకే డెబిట్ కార్డు.

మరి ఈ అబద్ధం దేనికి? మన ఇళ్లలో పెద్దవాళ్లు తమ కోసం తాము ఖర్చు పెట్టుకోవడం ఇంకా సిగ్గుపడే పనే. భార్యాభర్తలు ముప్ఫయ్యేళ్లు దాటాక ఇద్దరే సరదాగా తిరిగొస్తామంటే, “ఇప్పుడేం తిరుగుడు” అని అత్తగారు ఒక్క చూపు చూస్తుంది. అదే పిల్లల పేరు చెబితే తనే దగ్గరుండి సున్నుండలు కట్టిస్తుంది. ఇది కొత్తగా పుట్టిన విద్య కాదు. మన తాతలు పసివాడి పుట్టువెంట్రుకల మొక్కు పేరు చెప్పి ఇరవై మందిని వ్యానెక్కించేవాళ్లు. తిరుమలలో పని కాగానే శ్రీకాళహస్తి, కాణిపాకం, అటు నుంచి అటు కంచి పట్టుచీరలు, మద్రాసు బీచ్. మేనమామ ఒళ్లో కూర్చుని కల్యాణకట్ట అదిరేలా ఏడ్చినవాడికి ఆ యాత్రలో ఒక్క ముక్క గుర్తుండదు. అయినా అందులో ఒక న్యాయం ఉంది. ఆ ప్రయాణానికి పిల్లవాడు నిజంగా అవసరం. గుండు వాడిదే కదా.

కాబట్టి సిగ్గు వదిలేసి “మా కోసమే వెళ్తున్నాం” అనుకుంటే పట్టిక దానంతటదే చిన్నదవుతుంది. అయిదు దేశాలు ఒక ఊరవుతాయి, ఆ ఊళ్లో ఒక హోటలు, దానికో ఈతకొలను, మధ్యాహ్నం రెండు గంటల నిద్ర. 2023 చివర్లో థాయిలాండ్, మలేషియా మనవాళ్లకు వీసా అక్కర్లేదన్నాక ఆ కోడికూత ఫొటోల గొడవలో సగం ఎగిరిపోయింది. అంతకన్నా ధైర్యం ఉంటే చిన్నవాణ్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లవచ్చు. లోకం ఏమంటుందో అని భయపడేవాళ్లు అమ్మమ్మను కూడా వెంట తీసుకెళ్తారు. దాన్ని “పెద్దావిడకు లోకం చూపించడం” అంటారు. అది ఇంకో కాలమ్‌కి సరిపడా అబద్ధం. ఇక చిన్నవాడికి లోకం చూపించడానికి తొందరేమీ లేదు. మైనరు పాస్‌పోర్టు అయిదేళ్లే చెల్లుతుంది. ఏడాదిన్నరకు తీయించింది ఆరున్నరకు గడువు తీరుతుంది, సరిగ్గా వాడికి చూసింది గుర్తుండే రోజులు మొదలయ్యేటప్పటికి. అప్పుడు మళ్లీ దరఖాస్తు పెట్టాలి.  ఫౌండేషన్ మొదలవడానికి ఇంకా నాలుగు వేసవులుంటాయి.