దినోత్సవాల ఊరు

మా ఇంద్రేశం కాలనీలో తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, వాట్సాప్. ఆరు కొట్టగానే రిటైర్డ్ సార్ గ్రూపులో 'చరిత్రలో ఈ రోజు' అని కూస్తారు. ఎక్కడో ఒక రాజు గద్దెనెక్కాడు, మరెక్కడో యుద్ధం ఆగింది, ఇవాళ ఫలానా దినోత్సవం. కింద ముప్పై దండాలు. ఆ దండాలు పెట్టినవాళ్లలో సగంమంది అప్పుడే నైట్ షిఫ్ట్ దిగి కంపెనీ బస్సులో కునికిపాట్లు పడుతుంటారు.

మన తాతలకూ ఇలాంటిదొకటి ఉండేది, పంచాంగం. నమ్మినా నమ్మకపోయినా అది పని చెప్పేది. వర్జ్యం దాటాక బయల్దేరమనేది, విత్తనాలు ఎల్లుండి వెయ్యమనేది. ఈ కొత్త పంచాంగం ఏ పనీ చెప్పదు. మార్చి 30 ఇడ్లీ దినోత్సవమట, జులై 7 చాక్లెట్ దినోత్సవమట. ఇడ్లీ కోసం మార్చి దాకా ఆగేవాడు తెలుగునాట పుట్టాడా?

పోనీ, పనికొచ్చే రోజులు లేవా అంటే ఉన్నాయి. 1966లో జాతీయ భద్రతా మండలి ఏర్పడిన మార్చి 4 భద్రతా దినోత్సవం. ఆ రోజు జెండా, ప్రతిజ్ఞ, వ్యాసరచన పోటీ, స్వీటు పొట్లం. మార్చి 5న హెల్మెట్ మళ్లీ మేకుకు ఎక్కుతుంది. 1984 భోపాల్ మృతుల జ్ఞాపకంగా డిసెంబర్ 2 కాలుష్య నియంత్రణ దినోత్సవం. ఆ రోజు 'ప్లాస్టిక్ వద్దు' అని ప్లాస్టిక్ ఫ్లెక్సీ కడతారు. మార్చి 22 నీటి దినోత్సవం. గ్రూపులోకి నీలం చుక్క బొమ్మ వస్తుంది, వీధిలోకి ట్యాంకర్ వస్తుంది. పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రంలో 'శుద్ధి' అయి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ సంగతి ఏ తారీఖు కార్డులోనూ రాదు. దానికి దినోత్సవం లేదు మరి!

ఇక జూన్ 30. సార్ పంపిన కార్డు ప్రకారం గ్రహశకల దినోత్సవం. 1908లో ఇదే రోజు సైబీరియాలో తుంగుస్కా మీద ఆకాశంలో పేలుడు జరిగి రెండు వేల చదరపు కిలోమీటర్ల అడవి నేలకొరిగింది. ఐక్యరాజ్యసమితి 2016లో ఈ తారీఖును ఖాయం చేసింది. ఇదే రోజు సోషల్ మీడియా దినోత్సవం కూడానట. కార్డు అక్కడితో అయిపోయింది.

"సార్, మన పాశమైలారం?" అని అడిగాను.

"అది చరిత్ర కాదు బాబూ, మొన్ననే కదా!" అన్నారు.

అదీ లెక్క. సైబీరియాలో చెట్లు పడితే చరిత్ర, మన మండలంలో మనుషులు పోతే మొన్నటి వార్త. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడుకు నలభై మందికి పైగా పోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. కొందరి ఆనవాలు కూడా ఇంటివాళ్లకు దక్కలేదు. ఆకాశం నుంచి పడే బండను ఆపడం మన చేతుల్లో లేదు, దానికో దినోత్సవం ఉంది. మన చేతుల్లో ఉన్నదానికే కార్డులో చోటు లేదు.

అందుకే మా గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన, జూన్ 30 గడిలో, పెన్నుతో 'పాశమైలారం దినం' అని రాశాను. పేపరు కోసం వచ్చిన సార్ కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"దినోత్సవం అని రాయాలయ్యా, తప్పు రాశావు."

"ఉత్సవం లేదు సార్. దినమే."