నెల తప్పిన లెక్క

ఆ సాయంత్రానికి ఇంకా 38 పేపర్లు మిగిలాయి. తొమ్మిదో తరగతి లెక్కలు. మధ్యాహ్నం నుంచీ నడుము పట్టేసినట్టుంది. పొద్దంతా బోర్డు దగ్గర నిలబడ్డాను కదా, అందుకేననుకున్నాను. నొప్పి ఆగి ఆగి వస్తోంది. వచ్చినప్పుడల్లా పొత్తికడుపు రాయిలా బిగుసుకుంటోంది. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, తగ్గాక మళ్ళీ దిద్దుకుంటున్నాను. నొప్పికీ నొప్పికీ మధ్య మొదట మూడు పేపర్లు అయ్యేవి. తర్వాత రెండు. తర్వాత ఒకటి. పదో తరగతికి ఏటా శ్రేఢులు చెప్పేదాన్ని, నా ఒడిలోనే తగ్గుతూ వస్తున్న శ్రేఢిని పోల్చుకోలేకపోయాను.

మాది తెనాలి దగ్గర ఊరు. పొద్దున్నే గుంటూరు చేరేసరికి కాన్పు నొప్పులేనని తేల్చారు. "ఎప్పట్నుంచమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే "తెల్లవారుజాము నుంచి" అన్నాను. పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెపిల్లల మీద పరిశోధన చేస్తూ ఈ సంగతి గమనించాడు. తర్వాత హోవీ అనే మరో డాక్టరుతో కలిసి గర్భిణుల్లో పరీక్షించి 1972లో ప్రకటించాడు. నాకు రాసినవి 12 గంటలకొకటి చొప్పున నాలుగు. రెండే పడ్డాయి. మూడోదాని వేళకు బాబు పుట్టేశాడు. ముందు సాయంత్రమే బయల్దేరి ఉంటే మూడోదైనా పడేది. ఈ తీసివేత ఎన్ని రాత్రులు చేశానో.

బాబు 1,180 గ్రాములు. ఏడ్చాడన్నారు గానీ నాకు పిల్లికూన మూలిగినట్టు వినిపించింది. అద్దాలపెట్టెలోకి మార్చి, ముక్కుకు గొట్టం పెట్టి, గాలి ఒత్తిడితో ఊపిరి అందించారు.

వరండాలో అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నో నెలమ్మా?"

ఆ ప్రశ్న వెనక ఏముందో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు. మా అమ్మమ్మా ఇదే అనేది. హిపోక్రటిస్ పేరు మీదున్న పాత గ్రీకు గ్రంథాల్లో ఎనిమిదో నెల బిడ్డ గురించి ప్రత్యేకంగా ఒకటుందని తర్వాతెప్పుడో చదివి, అమ్మమ్మకు పెద్ద తోడే దొరికిందనుకున్నాను. కానీ ఆ రోజు నవ్వే స్థితిలో లేను. నాకప్పటికి 29 వారాల 4 రోజులు. అంటే 207 రోజులు. నాలుగు వారాలకొక నెల చొప్పున 28తో భాగిస్తే ఏడు నెలలు నిండి ఎనిమిదోది నడుస్తోంది. క్యాలెండరు నెలలు పట్టుకుని 30తో భాగిస్తే ఇంకా ఏడోదే. రెండో భాజకం తీసుకున్నాను.

"ఏడో నెలేనత్తయ్యా" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, కనిపించిన ప్రతి దేవుడి పటానికీ దండం పెట్టారు.

వెనక పేజీలో జవాబు చూసుకుని దానికి తగ్గ లెక్క తయారుచేసే పిల్లలకు నేను సున్నా వేస్తాను.

అక్కడితో ఆగానా అంటే లేదు. మర్నాడు పిల్లల డాక్టరుగారి దగ్గర, "సార్, నాకు తారీఖు సరిగ్గా గుర్తులేదు, ఇంకో రెండు వారాలు తక్కువేమో, 27 అని రాసుకోండి" అన్నాను. అత్తయ్య ఏ కాగితం చూసినా అందులో ఏడో నెలే ఉండాలని నా తాపత్రయం. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏ తల్లయినా రెండు వారాలు కలపమంటుందమ్మా. మీరు తీసేయమంటారేంటి?" ఫైలు తిప్పి మూడో నెలలో తీసిన స్కాను కాగితం నా ముందు పెట్టారు. కడుపులో గడిపిన ప్రతి రోజూ బిడ్డకు లాభమేననీ, ఎనిమిదో నెలయితే ఏడో నెలకన్నా మంచిదేననీ, మందులూ కంటి పరీక్షా అన్నీ ఆ వారాలను బట్టే నడుస్తాయనీ ఓపిగ్గా చెప్పారు. చివర్లో, "లెక్కల టీచరన్నారు?" అన్నారు. నవ్వలేదు.

మానిటర్ దగ్గర ఇంకో నిర్వాకం. బాబు ఆక్సిజన్ అంకె 91, 93, 92 మధ్య ఆడుతుండేది. నా కంటికి అది తొమ్మిది మార్కులు పోవడమే. "కొంచెం పెంచండి సిస్టర్, 100 రావాలి కదా" అని రెండు రోజులు వేధించాను. మూడో రోజు ఆవిడ విసుక్కోకుండానే చెప్పింది, "ఆక్సిజన్ పెట్టిన ఇంత చిన్న బిడ్డకి 100 వద్దు మేడం. 90 నుంచి 95 చాలు. ఎక్కువైతే కళ్ళు పోతాయి." 1940లు, 50ల్లో ఇలాంటి పిల్లలకు ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చి, బతికించి, వేలమంది చూపు పోగొట్టారట, మంచి చేస్తున్నామనుకునే. అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ 1950లో ఆరు వారాలు ముందు పుట్టి అలాగే చూపు కోల్పోయాడు. నూటికి నూరు కావాలని పట్టుబట్టే తల్లిదండ్రులకు నేనే క్లాసు పీకుతుంటాను, అది వేరే సంగతి.

ఇంతవరకూ చెప్పినవి ఇంట్లో వాళ్ళలో ఎవరో ఒకరికి తెలిసినవే. పాల సంగతి ఎవరికీ తెలీదు.

తల్లులు పాలు పిండి ఇవ్వడానికి చిన్న గది ఉండేది. ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక వాష్‌బేసిన్. మొదటిసారి అరగంట తంటాలు పడితే గిన్నె అడుగున 3 మిల్లీలీటర్లు, పసుపుగా, జిగటగా. పక్క కుర్చీలో మాచర్ల వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆమె గిన్నెలో 30 పైనే, తెల్లగా, నురగతో. ఎం.ఎస్సీ. చదివాను, రోజూ సాయంత్రపు నడక, పళ్ళు, పాలు అన్నీ తప్పకుండా పాటించాను, ఈ బక్కపిల్లకి ఉన్నదాంట్లో పదో వంతు కూడా నాకు లేదా అనిపించింది. గిన్నె మీద కొంగు కప్పాను. ఆమె వెళ్ళాక లేచి, ఆ మూడు మిల్లీలీటర్లూ వాష్‌బేసిన్‌లో పోసి కొళాయి తిప్పాను. సిస్టర్ అడిగితే "ఇంకా పడలేదండీ" అన్నాను. ఇలా మూడుసార్లు చేశాను.

రెండో రోజు రాత్రి, సిస్టర్ మరో బిడ్డకు నోట్లోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంలో సిరంజితో ఏదో పోస్తోంది. మందేమో అనుకున్నాను.

"ఏం మందు సిస్టర్?"

"మందు కాదు మేడం, పాలు. 2 గంటలకి 1 మిల్లీలీటరు. మీ బాబుకీ అంతే. మీకు పడగానే మొదలెడదాం, అందాకా సెలైనే."

మూడు మూళ్ళు తొమ్మిది. తొమ్మిది పూటలు. పద్దెనిమిది గంటల తిండి. నా బిడ్డకు కొలిచినట్టు వచ్చినదాన్ని తక్కువని పారబోశాను. అవి ముర్రుపాలు. ఇంత చిన్న పిల్లల పేగులకొచ్చే ప్రాణాంతకమైన జబ్బు నుంచి కాపాడటంలో తల్లిపాలకు సాటైనది లేదని గోడమీద తెలుగులోనే రాసి ఉంది. ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని.

మాచర్ల అమ్మాయిని అడిగాను, నీకు అన్ని ఎలా వస్తున్నాయని. "నాది ఐదో రోజక్కా. మొదటి రోజు నాకూ చుక్కలే. ఆ చుక్కలే పోశారు మావాడికి" అంది. నా మొదటి రోజును ఆమె నాలుగో రోజు పక్కన పెట్టి ఏడ్చానన్నమాట.

తర్వాత ఒక్క చుక్క పారబోయలేదు. ఐదో రోజుకు పాలు దిగాయి. పదో రోజున కంగారూ కేర్ అని, బాబును బట్టల్లేకుండా నా గుండెల మధ్య పడుకోబెట్టమన్నారు. అప్పుడూ బుద్ధి రాలేదు. "పెట్టెకు అద్దె కడుతున్నాం కదా సిస్టర్" అన్నాను. 1978లో బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టాడని విని, అది లేనివాళ్ళ ఏర్పాటు అనుకున్నాను. గంట తిరిగేసరికి వాడి ఊపిరి నా ఊపిరితో పాటు సాగుతోంది. ఆ సాయంత్రం పాలు రెండింతలయ్యాయి.

బరువు గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. ఏడో రోజుకు 1,060కి దిగాడు. మొదటి వారంలో నూటికి పది తగ్గడం ఇలాంటి పిల్లల్లో మామూలేనని చెప్పినా వినకుండా, డైరీలో గ్రాఫు గీసి గీతను పొడిగించాను. డెబ్బయ్యో రోజు రాకముందే సున్నా వచ్చింది. పదిహేనో రోజుకు వాడు మళ్ళీ 1,180కి చేరాడు. నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోకుండా కెఫీన్ ఇస్తున్నారని చెబితే, అత్తయ్య "పసిగుడ్డుకి కాఫీయా!" అని ముక్కున వేలేసుకున్నారు. 52వ రోజున 1,900 గ్రాములతో ఇంటికొచ్చాం.

వాడికిప్పుడు ఆరేళ్ళు. కళ్ళు బాగున్నాయి. లెక్కలంటే పడదు.

పోయిన సంవత్సరం మా ఆడపడుచు కూతురికి 31 వారాలకే నొప్పులొచ్చాయి. మళ్ళీ అలాంటి వరండాయే. "మనవాడు ఏడో నెలవాడు కాబట్టి నిలిచాడు. దీనిది ఎనిమిదో నెలాయె, ఏం చేస్తాం" అని అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అందరూ సాక్ష్యానికి నావైపు చూశారు. అందరికీ టీ తెస్తానని కింద క్యాంటీన్‌కి దిగిపోయాను. పుట్టిన పాప 1,550 గ్రాములు. మావాడికన్నా పది రోజులు ఎక్కువ కడుపులో ఉంది, వాడిలో సగం అవస్థ కూడా పడలేదు, నాలుగు వారాల్లో ఇంటికొచ్చింది. కానీ ఆ మొదటి రాత్రంతా మా ఆడపడుచు, బిడ్డ అప్పుడే పోయినట్టు గోడకు చేరబడి ఏడ్చింది. టీ చల్లారిపోయింది. నేను నోరు విప్పలేదు.

అత్తయ్య ఆదివారం పత్రిక అక్షరం వదలకుండా చదువుతారు. అత్తయ్యా, 207 రోజులు. 28తో భాగించండి. మనవాడూ ఎనిమిదో నెలవాడే.