మొక్కని కొట్టెయ్!

పీపీటీకెక్కిన మనిషి ఒంటికి అదుపుండదు. మొక్క నాటేటప్పుడు బక్కపల్చగా ఉన్న అధికారి, సమీక్షా సమావేశం తెర మీదకొచ్చేసరికి నడుం దగ్గర రెండింతలవుతాడు. ఆ పక్క స్లైడులో వాటర్ ట్యాంకు ఉన్నట్టుండి పొడుగు సాగితే, ఇంజినీర్లు అదీ తమ ఘనతే అన్నట్టు తలలూపుతారు.

ఇందులో మాయేం లేదు. ఫొటో మీద నొక్కితే చుట్టూ ఎనిమిది చుక్కలొస్తాయి. మూలల్లో ఉన్న నాలుగూ మర్యాదస్తులు. పొడవూ వెడల్పూ ఒకే లెక్కన పెంచుతాయి, ఒకే లెక్కన తగ్గిస్తాయి. మధ్యలో ఉన్న నాలుగూ మాత్రం ఎటు లాగితే అటు సాగుతాయి. ఈ తేడా ఆఫీసుల్లో తెలియదనుకోకండి. కాకపోతే ఫోను తీసే ఫొటో మామూలుగా 4:3, ఇప్పటి స్లైడు 16:9. మూల పట్టుకుని పద్ధతిగా లాగితే పక్కన తెల్లగా జాగా మిగిలిపోతుంది. అది సారుగారికి గిట్టదు. పోస్టులెన్ని ఖాళీగా ఉన్నా ఫరవాలేదు గానీ, స్లైడు ఖాళీగా కనబడకూడదు.

మరి క్రాప్ చెయ్యొచ్చు కదా? ఆ ప్రయత్నమూ జరుగుతుంది.

"పైన కొంచెం కట్ చేస్తే సరిపోద్ది సార్."

"పైన ఏముంది?"

"ఫ్లెక్సీలో సీఎం గారండీ."

"నీకేమన్నా పిచ్చా? కింద?"

"కింద మొక్కండీ."

"కొట్టెయ్."

అలా మొక్కలు నాటే కార్యక్రమం ఫొటోలో డజను మంది వంగి, చేతులు చాపి, శూన్యంలోకి నీళ్లు పోస్తూ కనిపిస్తారు. ఆ మొక్క నేల మీదా బతకదన్నది వేరే శాఖ సంగతి.

ఆకారం అలా తేలింది, ఇక బరువు. 1987లో పుట్టినప్పుడు పవర్‌పాయింట్ పని ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌కి షీట్లు తయారుచెయ్యడం, అదీ నలుపు తెలుపులో. ఫొటోలతో ఈ తంటా లేదు. ఇప్పుడు జేబులో ఫోనే 50 మెగాపిక్సెళ్ల దాకా తీస్తుంది, అంటే ఐదు కోట్ల చుక్కలు. మీటింగు హాల్లో ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ చూపించగలిగేది 1920 అడ్డం, 1080 నిలువు, అంటే దాదాపు ఇరవై లక్షలు. మిగతా నాలుగు కోట్ల ఎనభై లక్షల చుక్కలూ ఫైల్లో కూర్చుని జీతం తీసుకుంటాయి. స్లైడులో ఫొటోని లాగి ఎంత చిన్నది చేసినా చాలాసార్లు ఆ బరువు తగ్గదు. తీరా పంపబోతే, 25 ఎంబీ దాటింది పట్టనంటుంది జీమెయిల్. అప్పుడు పెన్ డ్రైవ్ వస్తుంది, దాంతోపాటు వైరసూ వస్తుంది.

మందు లేకపోలేదు. ఫొటో మీద నొక్కి, పైన పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్ తెరిచి, 150 పీపీఐ ఎంచుకుంటే చాలు. స్లైడు వెడల్పు 13.33 అంగుళాలు. అంగుళానికి 150 చొప్పున 2000 చుక్కలు. ప్రొజెక్టర్‌కి అంతకన్నా ఎక్కువ వద్దు.

అక్కడే ఇంకో గడి ఉంటుంది: క్రాప్ చేసిన భాగాలను తొలగించమని. ఎందుకంటే మనం కత్తిరించామనుకున్నది ఎక్కడికీ పోదు. తెర వెనకాల అలాగే ఉంటుంది, రీసెట్ నొక్కితే లేచొస్తుంది. ఆ గడిలో టిక్ ముందే పెట్టి ఉంటుంది. అనుభవమున్న ఆపరేటర్ దాన్ని పనిగట్టుకుని తీసేస్తాడు. పార్టీ మారాడని మొన్న ఫొటోలోంచి కోసేసిన నాయకుడు ఎన్నికల ముందు సొంతగూటికి రావచ్చు. అప్పుడు కొత్త ఫొటో కోసం ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

మొక్క కూడా ఆ ఫైల్లోనే ఉందిట. దాన్ని మళ్లీ చూపించమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.