పెంటకుప్పకు పద్దేదీ?

మా రోజుల్లో తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు ముందు పెరట్లో పెంటకుప్ప చూసేవాళ్లు. కుప్ప పెద్దదైతే గొడ్డూ గోదా ఉన్న ఇల్లని లెక్క. కోతలయ్యాక చేలో గొర్రెల మంద కట్టించుకుని, కాపరికి ధాన్యం కొలిచేవాళ్లం. ఎండాకాలం చెరువు మట్టి బండ్లతో తోలేవాళ్లం. తొలకరికి జనుమో జీలుగో చల్లి, పూతకొచ్చే వేళకి కలియదున్నేవాళ్లం. సబ్సిడీ అన్న మాట చెవిన పడకుండానే ఇదంతా నడిచింది.

తర్వాత అధికారులే ఊరూరా తిరిగి యూరియా చల్లించారు. దిగుబడి పెరిగింది, కాదనను. ఈలోగా ట్రాక్టరొచ్చింది, ఎద్దులు పోయాయి, వాటితో పెంటా పోయింది. 2025 ఖరీఫ్‌లో చూశాం కదా, ఆధార్ కార్డు పట్టుకుని యూరియా కోసం రైతులు రాష్ట్రమంతటా ఎలా బారులు తీరారో!

నలభై అయిదు కిలోల యూరియా బస్తాకి రైతు కట్టేది 266 రూపాయల 50 పైసలు. మిగతా ఖర్చంతా కేంద్రానిదే. ఎరువుల సబ్సిడీ ఏటా లక్షన్నర కోట్లు దాటుతోంది. 2024 నవంబరులో ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌కి మాత్రం మొత్తం 2,481 కోట్లు. సభల్లో నేలతల్లి అంటారు, పద్దుల్లో బస్తానే మోస్తారు.

మన రాష్ట్రం కొంత నయం. 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయం ప్రభుత్వాలు మారినా ఆగలేదు. డ్వాక్రా మహిళలు దాన్ని భుజాన వేసుకున్నారు. 2024లో పోర్చుగల్‌వాళ్లు గుల్బెంకియన్ బహుమతి కూడా ఇచ్చారు. సంతోషం. కానీ చేలో సంగతి వేరు. ఈ సాగులో ఎరువుగా పోసే జీవామృతానికి రెండొందల లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి వేసి రెండు పూటలా కర్రతో తిప్పాలి. గొడ్డు లేని ఇంట పేడ ఎక్కడిది? తిప్పే మనిషికి కూలి ఎవరిస్తారు? ఇంత చేసి పండించిన మిరపకాయలు అమ్మబోతే, మందు కొట్టిన కాయలతో కలిపి అదే ధర కడతారు.

రసాయన ఎరువులు తగ్గిస్తే మిగిలిన సబ్సిడీలో సగం రాష్ట్రాలకిస్తామని 2023లో కేంద్రం పీఎం ప్రణామ్ పథకం తెచ్చింది. ఆలోచన మంచిదే. ఆ డబ్బు ఎకరాల లెక్కన రైతు ఖాతాలో పడాలి. గొడ్డుని మేపేవాడికి మేత ఖర్చివ్వాలి. మందులేని పంటకి యార్డులో వేరే కాటా, వేరే ధర ఉండాలి. ఈసారి ఓటుకొచ్చే నాయకులని తిరువూరు రైతులు ఈ మూడే అడగాలి, పార్టీ ఏదైనా సరే.