‘ఎయిర్‌పోర్టు పక్కనే’కు టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం ఆయన. మేఘదూతానికి ఆయన సంజీవని వ్యాఖ్య లేకపోతే ఆ మేఘం ఎటు పోయిందో నాబోటి వాళ్ళకు తెలిసేది కాదు. ఆ కావ్యం మొదటి సగమంతా దారి చెప్పడమే కదా. రామగిరిలో బయల్దేరి, ఏ కొండ మీద ఆగి, ఏ నదిలో నీళ్ళు తాగి, అలకాపురికి ఎలా చేరాలో యక్షుడు పూసగుచ్చినట్టు చెప్పాడు. శుభలేఖ వెనక అచ్చేసే రూట్ మ్యాపుకు ఆయనే ఆదిపురుషుడు.

మా బావగారికి ఆ ఓపిక లేదు. కూతురి పెళ్ళికి తెనాలి, రాజమండ్రి, కరీంనగర్, కర్నూలు చుట్టాలందరికీ కలిపి వాట్సాప్‌లో ఐదు వాక్యాలు పడేశారు. కింద లొకేషన్ కూడా పెట్టారు. తెరిచి చూస్తే అది వనస్థలిపురంలో వాళ్ళ ఇల్లు. ఆయన ఎక్కడ కూర్చుని పంపారో అదే వచ్చింది మరి. కనుక ఈ వ్యాఖ్య అవసరమైంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ముందే మాటిచ్చాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది నా వల్ల కాదు.

మూలం

“వేదిక: ఫలానా గార్డెన్స్, మంఖాల్. ఎయిర్‌పోర్టు పక్కనే. ఔటర్ దిగితే పది నిమిషాలు. ఎవరినడిగినా చెబుతారు. ముందురోజే రాగలరు.”

టీక

మంఖాల్ = రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలో, తుక్కుగూడను ఆనుకుని ఉన్న ఊరు. మంకాల్ అని పాఠాంతరం. ఫోనులో ఏ పాఠం కొట్టినా తికమకపెడితే ‘తుక్కుగూడ’ అని కొట్టడం శిష్టసమ్మతం.

ఎయిర్‌పోర్టు = విమానాశ్రయం. శంక: ఏది? ఈ శంక మా రాజమండ్రి పెద్దమ్మది. ఆవిడ లెక్కలో హైదరాబాద్ ఎయిర్‌పోర్టంటే బేగంపేటే. సమాధానం: 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారిపోయాయి. బేగంపేటలో దిగి “పక్కనే ఏదో ఊరుందట” అని అడిగితే చూపించేవాడు లేడు.

పక్కనే = ఈ ఒక్క మాటకే వేరే గ్రంథం రాయొచ్చు. వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు ఉండాలంటారు శాస్త్రకారులు. సన్నిధి అంటే మాటలు దగ్గర దగ్గరగా ఉండటం. మూలంలో ‘మంఖాల్’, ‘ఎయిర్‌పోర్టు’ అనే మాటలు నిజంగానే దగ్గరగా ఉన్నాయి. ఇక ఊరు, టెర్మినలు సంగతి. ఎయిర్‌పోర్టు స్థలం ఐదు వేల ఎకరాల పైచిలుకు. పెద్ద రన్‌వే పొడవే 4,260 మీటర్లు. మీరు దిగే టెర్మినలు ఒక దిక్కున, పెళ్ళిపందిరి ఇంకో దిక్కున. నడుమ కంచె. విమానం కిటికీలోంచి కల్యాణమండపం సీరియల్ లైట్లు కనిపించినా కనిపిస్తాయి గానీ, చక్రాలు నేలకు ఆనాక ఆ కంచెను చుట్టి రావాల్సిందే.

కాబట్టి ఇక్కడ లక్షణ చెప్పుకోవాలి. ‘గంగలో గొల్లపల్లె’ అంటే పల్లె నీళ్ళలో ఉందని కాదు, ఒడ్డున ఉందని. అలంకారశాస్త్రంలో ఇది అందరికీ తెలిసిన ఉదాహరణే. ‘ఎయిర్‌పోర్టు పక్కనే’ అన్నా అంతే. ఒడ్డు కాస్త పొడుగు.

ఔటర్ = నగరం చుట్టూ 158 కిలోమీటర్ల మేర తిరిగే వలయ రహదారి. మా బావగారి వాక్యాల్లో నికరమైన సాయం చేసేది ఇదొక్కటే, అదీ ఆయనకు తెలియకుండా. సొంత కార్లలో వచ్చేవాళ్ళు అసలు నగరంలోకి రానక్కర్లేదు. విజయవాడ దారిన వచ్చేవాళ్ళు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే బొంగులూరు, రావిర్యాల దాటగానే తుక్కుగూడ. వరంగల్ వాళ్ళకు ఘట్‌కేసర్, కరీంనగర్ వాళ్ళకు శామీర్‌పేట, కర్నూలు వాళ్ళకు శంషాబాద్. ఎక్కడ ఎక్కినా దిగేది మాత్రం తుక్కుగూడలోనే. కరీంనగర్ మరిది ప్రతిసారీ సికింద్రాబాద్ మీదుగా ఊరంతా ఈదుకుంటూ వచ్చి, మీ హైదరాబాద్‌లో ట్రాఫిక్కండీ అంటాడు. ట్రాఫిక్‌లోకి రమ్మన్నదెవరు?

దిగితే = ఇక్కడ జాగ్రత్త. శంషాబాద్ వైపు నుంచి వస్తుంటే తుక్కుగూడకు ముందు ‘పెద్ద గోల్కొండ’ అని బోర్డు వస్తుంది. అది కోట కాదు, ఊరు. కుతుబ్‌షాహీల గోల్కొండ నగరానికి పడమట ఉంది. పోయినసారి ఇంకో పెళ్ళికి వచ్చిన మా బాబాయి, కోట ఎలాగూ తగిలిందిగా చూసిపోదామని అక్కడ దిగి, చప్పట్లు కొడితే పైదాకా వినిపించే ద్వారం ఎక్కడని అడిగాడు. ఆ ఊరివాళ్ళు మర్యాదస్తులు, మంచినీళ్ళిచ్చి పంపారు.

తుక్కుగూడ తప్పిపోతే ముందుకెళ్ళి తర్వాతి ఎగ్జిట్‌లో దిగి తిరిగి రండి. టోలు ఇంకాస్త పోతుంది, పోనివ్వండి. గంటకు 120 కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉన్న రోడ్డు మీద బండిని వెనక్కి నడపకండి. ఆటోలకూ బైకులకూ ఔటర్ మీదికి ప్రవేశం లేదు. వాళ్ళకు పక్కనే సర్వీసు రోడ్డు ఉంది.

పది నిమిషాలు = అత్యుక్తి అలంకారం.

ఎవరినడిగినా చెబుతారు = ఔటర్ మీద అడగడానికి మనిషే ఉండడు. కింద అడిగితే చెప్పేవాళ్ళున్నారు, అయితే ఏది చెబుతారన్నదే ప్రశ్న. ఈ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ళు వరసగా ఉంటాయి, మంచి ముహూర్తం రోజున అన్నింట్లోనూ బాజాలే. ‘పెళ్ళి హాలెక్కడ’ అని కాదు, హాలు పేరు చెప్పి అడగండి. లోపలికి వెళ్ళాక గేటు దగ్గర థర్మాకోలు మీద పూలతో రాసిన పేర్లు చదవండి. ఎదురుసన్నాహంలో రోజ్‌వాటర్ చల్లినంత మాత్రాన అది మన పెళ్ళి కాదు. మా బాబాయే ఒకసారి పప్పు, వంకాయ, గోంగూర, రెండు పూర్ణాలు తిన్నాక, చదివింపుల కవరు జేబులోంచి తీసి వేదిక వైపు నడుస్తూ పెళ్ళికూతుర్ని చూశాడు. కవరు మళ్ళీ జేబులో పెట్టేశాడు. భోజనం మాత్రం బాగుందన్నాడు.

రాగలరు = రావడానికి సమర్థులు అని ధాత్వర్థం. ఎలా రాగలరో మూలకారుడు చెప్పలేదు.

రైల్లో వచ్చేవాళ్ళు ముందు టికెట్టు చూసుకోండి. మన చుట్టాలకు హైదరాబాద్ స్టేషనంటే సికింద్రాబాదే. ఆ స్టేషను కొత్తగా కడుతున్నందువల్ల కొన్ని రైళ్ళను చర్లపల్లికి మార్చారు. 2025 జనవరిలో ప్రారంభమైన టెర్మినల్ అది. చర్లపల్లిలో దిగితే నగరం నడిబొడ్డుకు పోకుండా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కండి. కాచిగూడలో ఆగే రైలు దొరికితే అదృష్టం. అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే అదే తుక్కుగూడకు తెస్తుంది. మెట్రో ఎయిర్‌పోర్టు దాకా ఇంకా రాలేదు. కూకట్‌పల్లిలో బస్సు దిగినవాళ్ళకు ఎల్బీనగర్ దాకా పనికొస్తుంది, అంతే.

విమానంలో వచ్చేవాళ్ళ పొరపాటు వేరు. దిగిందే పెళ్ళికి దగ్గర్లో. అయినా అమీర్‌పేటలో గది తీసుకుని, క్యాబులో పదకొండున్నర కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి అక్కడికి పోయి, మర్నాడు అదే దారిన వెనక్కి వస్తారు. కారణమడిగితే మనవాళ్ళంతా అటే ఉంటారంటారు. ఆ మనవాళ్ళు ఆ రోజు మంఖాల్లో ఉంటారు. గది శంషాబాద్‌లో తీసుకోండి.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. పురాణంలో పుష్పకానికి ఒక మహిమ ఉంది, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలేదట. ఆ మహిమ ఇప్పుడు మామూలు సిటీ బస్సుకు సంక్రమించింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పుష్పక్‌లో కాదు. ఆధార్ కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. కాబట్టి ఒకే సీట్లో కూర్చున్న కరీంనగర్ వదిన సున్నా టికెట్టు పర్సులో దాచుకుంటుంది, తెనాలి పిన్ని చిల్లర వెతుక్కుంటుంది. పెళ్ళయ్యేదాకా ఆ ప్రస్తావన వద్దని ఇద్దరికీ మనవి.

ముందురోజే = ధ్వని. ‘ముందురోజు వస్తే పనికి మనుషులుంటారు’ అన్నది వ్యంగ్యార్థం. ముహూర్తం తెల్లవారుజామున 4.52కి కాబట్టి వాచ్యార్థం కూడా చెల్లుతుంది. ఆ వేళకు ఊళ్ళోంచి క్యాబు దొరుకుతుందని నమ్ముకున్నవాళ్ళు జీలకర్ర బెల్లం ఫొటోలో చూసుకోవాల్సిందే.

తాత్పర్యానికి అనుబంధం

దారిలో కాస్త వంకరైనా ఉజ్జయినిని చూడకుండా పోవద్దని యక్షుడు మేఘానికి చెప్పాడు. నేనూ చెబుతాను. మధ్యాహ్నం తీరిక దొరికితే ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం ఉంది, శంషాబాద్ దగ్గర సినిమావాళ్ళు పదేపదే వాడుకునే అమ్మపల్లి రామాలయం ఉంది. పిల్లలున్నవాళ్ళను రావిర్యాల వండర్‌లా వదలదు. గాజులు కావాల్సినవాళ్ళు శ్రీశైలం రోడ్డు పట్టుకుని బార్కస్, ఫలక్‌నుమా, శాలిబండ మీదుగా పోతే చార్మినారే తగులుతుంది. బార్కస్‌లో మండీ బాగుంటుంది. అయితే సాయంత్రం విందు ఎదురుసన్నాహానికే మొదలవుతుంది, ఆ కడుపుతో వస్తే బావగారు నొచ్చుకుంటారు.

ఇంకేమైనా సందేహముంటే నాకు ఫోను చేయండి. ఆ రెండు రోజులూ బావగారు ఫోను ఎత్తరు.