గోంగూర నారుకి గంజాయి దీపం

మినియాపోలిస్ శివార్లలో మార్చి నెల రాత్రిపూట ఏ బేస్‌మెంట్ కిటికీలోంచైనా ఊదారంగు వెలుగు కనిపించిందంటే ఆ ఇంట్లో ఉన్నది గంజాయైనా కావాలి, తెలుగువాళ్ళైనా కావాలి. ఏదన్నది తేలాలంటే మొక్కలు బయటికొచ్చే దాకా ఆగాలి. గోంగూరైతే బయటికొచ్చినా తేలదు. మొదట్లో గుండ్రంగా అమాయకంగా ఉండే ఆకు, మొక్క పెరిగేకొద్దీ రంపపు అంచులతో ఐదు వేళ్ళు చాచి అచ్చం గంజాయాకులా తయారవుతుంది. మనం తినే గోంగూరలో ఒక రకానికి వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా హైబిస్కస్ కన్నాబినస్. ఇక పక్కింటివాళ్ళని ఏమనుకుని ఏం లాభం?

ఇక్కడ మంచు భయం మే నెల సగం దాటితేగానీ పోదు. సెప్టెంబరు చివరికల్లా మళ్ళీ మొదలు. ఈ సందులోనే గోంగూర, వంకాయ, మిరప కాసి, కోసి, పచ్చడై సీసాలకెక్కాలి. అంచేత నారు ఇంట్లోనే పోసుకోవాలి. నీళ్ళు కుళాయిలో వస్తాయి, మట్టి సంచుల్లో దొరుకుతుంది. ఎండ మాత్రం కొనుక్కోవాలి.

ఎండ అమ్మేవాళ్ళ ధోరణే వేరు. పెట్టె మీద బెత్తెడు అక్షరాలతో 1000 వాట్లని ఉంటుంది. తిప్పి చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాలతో, అది నిజానికి లాగే కరెంటు వంద వాట్లేనని ఉంటుంది. పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పే ఆస్తి వివరాలు ఇంతకన్నా నమ్మకంగా ఉంటాయి. సరే, తెలిసినవాళ్ళనే అడుగుదామని ఇంటి సేద్యం సామాన్ల కొట్టుకెళ్ళాను. మినసోటాలో 2023 ఆగస్టు 1 నుంచి పెద్దవాళ్ళు ఇంట్లో గంజాయి పెంచుకోవడం నేరం కాదు. కాబట్టి కొట్లో దాపరికమేమీ లేదు. మోచేతుల దాకా పచ్చబొట్లున్న కుర్రాడు ఆప్యాయంగా ఎదురొచ్చాడు.

"ఏ రకం పెంచుతున్నారు?"

"గోంగూర."

కాసేపు ఆలోచించాడు. "ఎప్పుడూ వినలేదే. ఘాటెక్కువా?"

"పులుపెక్కువ."

"మరి కిక్కు?"

"ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి నూరితే ఉంటుంది."

వాడి కళ్ళలో కనిపించిన గౌరవం నాకు ఏ ఆఫీసులోనూ దక్కలేదు. పెద్ద ప్యానెల్ అంటగట్టే అవకాశం ఉండి కూడా, "ఇప్పుడే ఎందుకు బ్రదర్? నారుకి అంత అక్కర్లేదు. మామూలు తెల్ల ట్యూబులైట్లు చాలు. వెలుగు తక్కువైనా పరవాలేదు, దగ్గరగా, ఎక్కువసేపు ఉండాలి" అన్నాడు. గంజాయి వాళ్ళ గురించి లోకం ఏమైనా అనుకోనీ, నారు విషయంలో వాళ్ళంత నిదానస్థులు లేరు.

ఇంతకీ ఈ వ్యవహారంలో మన కన్ను ఇచ్చే సాక్ష్యం చెల్లదు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ ఉంటే, ముందుగది వెలుతురు మూడొందలుంటే గొప్ప. కన్ను మాత్రం సర్దుకుపోయి రెంటికీ "బాగుంది" అనే సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. పెట్టె మీద రాసే ల్యూమెన్లూ మనిషి కంటి లెక్కే. మొలకకి కావాల్సింది చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని కాంతి కణాలు పడ్డాయన్న లెక్క. ఆ లెక్కలో లేత నారుకి 100 నుంచి 300 మైక్రోమోళ్ళు చాలు. అంతకి తగ్గితే పాలిపోయిన దారప్పోగులాంటి కాడ దీపం కోసం పైకి సాగిపోతుంది. నెత్తినున్న రెండాకుల బరువుకే ఓ రోజు నడుం వాల్చేస్తుంది. మరీ ఎక్కువైతే ఆకుల అంచులు పైకి ముడుచుకుని తెల్లబారతాయి. ట్యూబు రకమైతే నాలుగైదు అంగుళాల ఎత్తులో, పెద్ద ప్యానెలైతే రెండడుగుల పైన గొలుసులతో వేలాడదీసి, మొక్క ఎదిగేకొద్దీ పైకి లాగాలి. అనుమానమొస్తే అరచేతి వెనకవైపు ఆకుల ఎత్తులో పెట్టి అర నిమిషం ఉంచడమే. మన చెయ్యి చురుక్కుమంటే ఆకుకీ అంతే.

మా బేస్‌మెంట్‌లో అప్పటికే వెలుగుతున్న ఊదారంగు దీపం సంగతి మా అత్తగారు తేల్చేశారు. పత్రహరితం ఎక్కువగా పీల్చేది ఎరుపూ నీలమూ కనుక ఆ రెండు రంగులే కలిపి ఇలాంటి దీపాలు చేస్తారనీ, అంతరిక్షంలో కూరలు పండించడానికి నాసావాళ్ళు కూడా వీటితో ప్రయోగాలు చేశారనీ నేను వివరించబోయాను. తెనాలి నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చిన ఆవిడ బేస్‌మెంట్ మెట్ల మీదే ఆగిపోయారు.

"ఇదేం రికార్డింగ్ డాన్సు పందిరి బాబూ! ఈ వెలుగులో ఆకు పచ్చగా ఉందో పసుపెక్కిందో ఎలా తెలుస్తుంది? పురుగు పడితే కనిపిస్తుందా?"

నాసా దగ్గర దీనికి జవాబుందేమో, నా దగ్గర లేదు. పైగా తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల నీలి దీపం, దాని మీద పసుపు పూతే. ఆ నీలి దీపం సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చారు. కాడ సాగకుండా పొట్టిగా, గట్టిగా ఉంచేది ఆ నీలమే. 5000 నుంచి 6500 కెల్విన్ మధ్య తెల్ల దీపం తెచ్చుకుంటే ఆ నీలం అందులోనే ఉంటుంది, పురుగూ కనిపిస్తుంది.

టైమరు దగ్గర మాత్రం మాకు కుదర్లేదు. రోజుకి 16 గంటలు వెలగాలని నేను, "చిన్నపిల్లలు, వాటికి నిద్రుండక్కర్లేదా" అని ఆవిడ. రాత్రి ఎనిమిదికల్లా స్విచ్చి కట్టేసేవారు. గోంగూరా గంజాయీ రెండూ పగలు పొట్టిదైతే పూతకొచ్చే జాతులనీ, ఆకు కావాలంటే పగటిని సాగదీయాల్సిందేననీ చెబితే ఒప్పుకున్నారు. కానీ వెంటనే కరెంటు ఖర్చు అడిగారు. 40 వాట్ల దీపం, నెలకి దాదాపు 19 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లనుకున్నా మూడు డాలర్ల లోపే అన్నాను. క్షణంలో రూపాయల్లోకి మార్చేశారు.

"రెండొందల యాభయ్యా! ఆ డబ్బుతో మా గంగానమ్మపేటలో వీధి వీధంతటికీ గోంగూర పంచొచ్చు."

మాట మార్చడానికి ఇక్కడి చట్టం ఎత్తుకున్నాను. ఇంటికి ఎనిమిది గంజాయి మొక్కలే పెంచాలి, పూతకొచ్చినవి నాలుగుకి మించకూడదు, గోంగూరకైతే ఏ లెక్కా లేదు అని చెప్పాను. అత్తగారు తలొంచుకుని నారు పలచన చేస్తూనే నిట్టూర్చారు.

"ఎనిమిదేనా? పాపం, ఒక్క పూట పచ్చడికైనా రాదు కదా బాబూ!"